పాత తీగే కదా!

పదిరోజుల క్రితం మా ఇంట్లో ఒక కంప్యూటరు పుట్టింది. కొన్నామనడానికి వీల్లేదు. మా వాడు దాన్ని ముక్కలు ముక్కలుగా సికింద్రాబాదునించి మోసుకొచ్చి, హాల్లో చాప మీద పరిచి, ఒక స్క్రూడ్రైవరు పుచ్చుకుని రెండు పూటలు కూర్చుని కూర్చాడు. వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. రెండు వేసవుల్లో వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పి దాచుకున్న డబ్బు మొత్తం దానికే పోశాడు. చాలనిది నేను వేశాను. వేశాను గనక మాట్లాడే హక్కు నాకూ ఉందనుకున్నాను. ఆ హక్కుని నేను ఎంత చక్కగా వినియోగించుకున్నానో చెబుతాను, వినండి.

మీట నొక్కగానే ఫాన్లు తిరిగాయి, తెర వెలిగింది, మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. వాడు విండోస్ ఎక్కించడం మొదలెట్టాడు. సగం దూరం వెళ్ళాక అది, ఇంటర్నెట్టుకి కలిపితేగానీ ముందుకి కదలనని భీష్మించుకు కూచుంది. తీగె గుచ్చే ఉంది. కాని ఆ తీగె దూరే రంధ్రం వెనక ఉన్న రియల్‌టెక్ చిప్పు కొత్తరకంది, సెకనుకి రెండున్నర గిగాబిట్లది. విండోస్‌కి దానితో పరిచయం లేదు. ఆ పరిచయం చేసే పెద్దమనిషిని డ్రైవరంటారట. ఆ డ్రైవరు ఉండేది ఇంటర్నెట్టులో. ఇంటర్నెట్టు రావాలంటే డ్రైవరు ఉండాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు!

"ఇహ దీనికి గతి ఏమిట్రా?" అన్నాను.

వాడు నవ్వి, తన సెల్‌ఫోనుని ఛార్జింగు తీగెతో కంప్యూటరుకి తగిలించి, ఫోనులో యుఎస్‌బి టెథరింగ్ అనే మాట మీద వేలు పెట్టాడు. ఫోనులో ఉన్న ఇంటర్నెట్టు కంప్యూటరులోకి పారింది. విండోస్ శాంతించింది. తరవాత బోర్డు తయారుచేసినవాళ్ళ సైటునించి డ్రైవరుని దింపాడు. అంతవరకూ పరికరాల జాబితాలో పేరూ ఊరూ లేకుండా, పక్కన పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం పెట్టుకుని ఉన్న ఈథర్నెట్ కంట్రోలరు తన అసలు పేరుతో పైకొచ్చింది.

ఈథర్నెట్ అన్న మాట నాకు ముచ్చటేసింది. అమెరికాలో జెరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆయన 1973 మే 22న ఒక చీటీ రాస్తూ పెట్టిన పేరది. వెలుగు ప్రయాణం చెయ్యడానికి ఈథర్ అనే పదార్థమేదో విశ్వమంతా నిండి ఉందని పూర్వం శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఎంత వెదికినా దాని జాడ దొరకలేదు. లేదని తేలిన పదార్థం పేరు ఒక తీగెకి పెట్టడం సరసుడు చేసే పనే. మన తార్కికులు శబ్దానికి ఆశ్రయమని చెప్పిన ఆకాశాన్ని కూడా ఇంగ్లీషువాళ్ళు ఈథర్ అనే అనువదించారు. ఈ సంగతి మా వాడికి చెప్పబోతే, "అదంతా తరవాత నాన్నా, ముందీ లైటు చూడు" అన్నాడు.

తీగె గుచ్చినచోట చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. మూడుసార్లు ఊపిరి తీసేలోగా ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. తెర మీద నెట్‌వర్క్ కేబులు తగిలించలేదని ఒకమాటు, గుర్తిస్తున్నామని ఒకమాటు, మళ్ళీ తగిలించలేదని ఒకమాటు వస్తోంది.

వాడు చెయ్యవలసినవన్నీ చేశాడు. తీగె పీకి టిక్కుమని చప్పుడయ్యేదాకా మళ్ళీ గుచ్చాడు. హాల్లో ఉన్న ఫైబరు పెట్టెని ఆపి, రెండు నిమిషాలు ఆగి పెట్టాడు. ఆ పెట్టెలోనే ఇంకో రంధ్రానికి మార్చి చూశాడు. (మీ ఇంట్లో ఎప్పుడైనా లైటు నిలకడగా వెలుగుతూనే ఇంటర్నెట్టు రాకపోతే, కంప్యూటరుకి వచ్చిన అంకెల చిరునామా చూడండి. అది 169.254తో మొదలైతే, పెట్టె దానికి చిరునామా ఇవ్వలేదనీ, అదే ఏదో కల్పించుకుందనీ అర్థం. మాకు లైటే నిలవలేదు గనక అంతదూరం పోలేదు.)

"కేబులు మార్చి చూద్దాం నాన్నా, కొత్తది తెస్తాను" అన్నాడు.

అప్పుడు నాలోని మాస్టారు లేచాడు. అదే బల్ల మీద మా పద్నాలుగేళ్ళనాటి పాత కంప్యూటరు ఇంకా ఉంది. ఆ తీగె పీకి దానికి గుచ్చాను. లైటు వెలిగింది. నిలిచింది. సినిమా పాట కూడా వినిపించాను.

"చూశావా? తీగె ఒకటే. పెట్టె ఒకటే. పాతదానికి వస్తోంది, కొత్తదానికి రావడంలేదు. దోషం ఎక్కడుందంటావు? పాత తీగే కదా! నాలుగేళ్ళనించి పనిచేస్తూనే ఉంది" అన్నాను.

వాడి దగ్గర సమాధానం లేదు. నాకు ఉత్సాహం హెచ్చింది. బోర్డు పుచ్చుపట్టిందేనన్నాను. దుకాణంవాడు కుర్రవాణ్ణి చూసి అంటగట్టాడన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "లేదా నువ్వు బిగించడంలో పాడుచేసి ఉంటావు" అని కూడా అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి వెళ్ళిపోయింది.

వాడు ఏమీ అనలేదు. ఆ రాత్రి కూచుని, రెండు పూటలు బిగించినదాన్నంతా విప్పాడు. తెల్లవారుఝామున బోర్డుని అట్టపెట్టెలో పెట్టుకుని ఖమ్మం బస్‌స్టాండుకి నడిచాడు. సికింద్రాబాదు రెండువందల కిలోమీటర్లు. రాత్రి పదింటికి అదే అట్టపెట్టెతో తిరిగొచ్చాడు. దుకాణంవాళ్ళు బల్ల మీద పెట్టి, వాళ్ళ తీగె గుచ్చి చూపించారట. గంటసేపు లైటు రెప్పవెయ్యలేదట.

"మరేమన్నారు?" అన్నాను.

"ఏమంటారు? మీ నాన్నగారు పొద్దున ఫోనులో చాలా కోప్పడ్డారు, అన్నారు."

నేను ఫోను చేసిన సంగతి వాడికి చెప్పలేదు. అన్నం తిని పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నేను కాలేజీనించి వచ్చేసరికి కొత్త కంప్యూటరు మళ్ళీ కూర్చబడి ఉంది. లైటు వెలుగుతోంది. నిలకడగా వెలుగుతోంది! తీగె మార్చలేదు. దుకాణంలో పనిచేసే కుర్రవాడొకడు, వంద మీద పెట్టి చూడమని చెవిలో చెప్పాడట. వాడు ఆ చిప్పు తాలూకు లక్షణాల్లోకి వెళ్ళి, స్పీడ్ అండ్ డూప్లెక్స్ అన్నచోట, దానంతటదే నిర్ణయించుకునే పద్ధతి తీసేసి, వంద మెగాబిట్లని పెట్టాడు. అంతే.

అప్పుడు వాడు చెప్పాడు, నేను విద్యార్థిలాగా బల్ల పక్కన నించున్నాను. ఆ తీగెలో ఎనిమిది సన్నతీగెలుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ — ఒక్కో రంగుకి ఒక జత, జతలో రెండూ జడలా మెలివేసి ఉంటాయి. ఆ మెలి అందానికి కాదు. బయటి రొద రెండిటిలోనూ సమానంగా పడి కొట్టుకుపోవడానికట. వంద మెగాబిట్లకి 1995లో ఏర్పడ్డ పద్ధతికి నారింజ జతా, ఆకుపచ్చ జతా చాలు. 1999లో గిగాబిట్టుకి ఏర్పరిచినదానికి ఎనిమిదీ కావాలి. మా పాత కంప్యూటరుకి వందకి మించి చేతకాదు. అంచేత దానికి నాలుగు తీగెలే అవసరం. మిగతా నాలుగూ ఉన్నాయో లేవో అది ఏనాడూ అడగలేదు.

కొత్తది అలాకాదు. మొదట అదీ, హాల్లో పెట్టే మంచి జతల మీద మాట్లాడుకుంటాయి. నాకు గిగాబిట్టు వచ్చునని ఇదీ, నాకూ వచ్చునని అదీ అనుకుంటాయి. సరే కానిమ్మని ఎనిమిది తీగెల మీద మొదలెట్టబోతాయి. ఒక జత పలకదు. సంబంధం తెగుతుంది. మళ్ళీ మాటలు. మాటల దగ్గర కుదరడం, కాపురం దగ్గర చెడడం — అదే మేం చూసిన లైటు. రెండు మూడుసార్లు విఫలమయ్యాక వాటంతటవే వందకి దిగొచ్చే చిప్పులున్నాయట. మాది పట్టువదలని రకం.

ఇంతకీ నేను చేసిన తప్పు ఎలాంటిదో చూడండి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాల్చిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టె తడిగా కూడా ఉండాలి. ఆ తడినే తార్కికులు ఉపాధి అన్నారు. పాత కంప్యూటరు నడుస్తోంది గనక తీగె మంచిదన్నాను. నడవడానికి నాలుగే చాలునన్న తడి నాకు కనబడలేదు. ఈ ఇనపగుండు దృష్టాంతం ఎన్నో ఏళ్ళనించి క్లాసులో చెబుతున్నాను.

"మరి పలకని జత ఏది?" అన్నాను.

కేబులు టీవీ కుర్రవాడి దగ్గర ఒక పరీక్ష పెట్టె ఉంటుంది. అడిగి తెచ్చి రెండు చివర్లా తగిలించాం. దీపాలు ఒకటి, రెండు, మూడు వెలిగాయి. నాలుగు వెలగలేదు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది వెలిగాయి. నాలుగు అంటే నీలం. ఇహ తీగె పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ బయల్దేరాం. హాలు గోడ, మూల, గుమ్మం పక్క. గుమ్మం పైన మా వాడు ఆగాడు.

అక్కడ ఒక మేకుంది. మిగతాచోట్లన్నీ తెల్లటి ప్లాస్టిక్ క్లిప్పులు; అక్కడొక్కచోట మామూలు ఇనపమేకు, తీగె మీదికి వంచి, సుత్తితో గోడకి అణిచి ఉంది. తీగె అక్కడ పీటకింద వేలులా నలిగి ఉంది.

"అది మీరు కొట్టిందే" అంది మా ఆవిడ. "క్లిప్పులు అయిపోయాయి, ఎలక్ట్రీషియన్ని పిలవండంటే, మేకు కొట్టడానికి కూడా మనిషెందుకన్నారు."

నాలుగేళ్ళనాటి మాట. నాకూ జ్ఞాపకం వచ్చింది.

సాయంత్రం మా వాడు కొత్త తీగె, ఒక డబ్బా క్లిప్పులు తెచ్చాడు. వాటితోబాటు నేను బస్సు చార్జీ డబ్బులు కూడా తీసి ఇవ్వబోయాను.

"రానూపోనూనా నాన్నా?" అన్నాడు.

"రానూపోనూనే. దుకాణంవాళ్ళ నంబరు కూడా ఒకసారి ఇయ్యి, నేను మాట్లాడాలి."

నంబరు ఇచ్చాడు. నేను నిచ్చెన తెచ్చి గుమ్మం దగ్గర వేసి, సుత్తి పుచ్చుకుని మొదటి మెట్టు ఎక్కాను. వాడు వచ్చి, ఏమీ అనకుండా, నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.