ఉడుము కథ మిగిలింది, భవనం పోయింది

భూమి తగాదా మీద ముడిమ్యాల రైతు అర్జీ పట్టుకుని బయల్దేరితే మొదట చేవెళ్ల ఆఫీసులు. అక్కడా పని కాకపోతే మెహదీపట్నం బస్సెక్కి పట్నం, అక్కడ సెక్రటేరియట్ గేటు పాసు కోసం పడిగాపులు. పాసు దొరికినవాడికి సంతకం పెట్టే అధికారి ఏ బ్లాకులో ఉన్నాడన్నదే బెంగగా ఉండేది. పక్కనున్న పాత మేడ ఎవరు కట్టించారన్నది కాదు.

ఆ మేడే సైఫాబాద్ ప్యాలెస్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888లో హుస్సేన్ సాగర్ చెంత కట్టారు. దాన్ని చూడ్డానికి వస్తున్న నిజాంకు ఉడుము అడ్డొచ్చిందని, అపశకునమని తాళం వేయించాడని చెబుతారు. నిజమో కాదో గానీ, రాజుగారు వద్దనుకున్న ఇల్లు చివరికి సర్కారు దఫ్తరైంది, సచివాలయంలో జీ బ్లాకైంది. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టి, ఉమ్మడి రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి అయిన కొండా వెంకట రంగారెడ్డి పేరే 1978లో ఏర్పడిన మన జిల్లాకు పెట్టారు. అంటే ఆ సచివాలయ ఆవరణతో ఈ ప్రాంతానికి అర్జీల బంధమే కాదు, అధికారంలో వాటా కూడా ఉంది.

2019 జూన్ 27న ఒకే రోజు రెండు శంకుస్థాపనలు జరిగాయి: కొత్త సచివాలయానికి ఒకటి, ఎర్రమంజిల్‌లో శాసనసభకు మరొకటి. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఎర్రమంజిల్‌లోని పాత మేడను కూల్చే నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ మేడ బతికింది. పాత సచివాలయం కూల్చివేత మీద వేసిన పిటిషన్లు మాత్రం 2020 జూన్‌లో వీగిపోయాయి. జులై 7న జీ బ్లాకుతో సహా దాన్ని కూల్చడానికి యంత్రాలు దిగాయి. చుట్టూ పోలీసులు, దారులు బంద్. పత్రికలవాళ్లు లోపలికి వెళ్లి చూడాలన్నా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ప్రజల సొమ్ముతో నడిచిన భవనాన్ని ప్రజలకు కనబడకుండా కూల్చడం ఏం మర్యాద?

వెనిస్‌లో 1902 జులై 14న సెయింట్ మార్క్ గంటల గోపురం కూలితే, అదే చోట అదే తీరున కట్టాలని నగరసభ ఆ సాయంత్రమే తీర్మానించింది. 1912లో కట్టి చూపించింది. మనం అంత అడగడం లేదు. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం తెరుచుకుంది, సౌకర్యంగానే ఉండొచ్చు. కానీ చిన్న అర్జీకైనా ఫైలు నంబరు వేసే ఆఫీసుకు తన పాత ఇంటి ఫైలు బయటపెట్టడం కష్టం కాకూడదు. జీ బ్లాకు కొలతల పటాలు, పాత ఫొటోలు ఏవి ఉన్నా రోడ్లు భవనాల శాఖ జనం ముందు పెట్టాలి. ఇకమీదట ఏ పాత సర్కారీ కట్టడాన్ని కూల్చాలన్నా, ఆ పని ముందు జరగాలి, గునపం తరవాత.