ఆర్కే నాయుడు గుర్తున్నాడు, మంజులా నాయుడు ఏరీ?

కడప జిల్లా పల్లెల్లో రాత్రిపూట సంఘం మీటింగు పెడితే మాకు పోటీ ఒక్కటే, సీరియల్. ‘మొగలిరేకులు’ నడిచిన రోజుల్లో (2008–2013) ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఈమధ్య ఒక వర్క్‌షాపులో దాని ప్రస్తావన వస్తే అందరూ పోలీసాఫీసరు ఆర్కే నాయుడి పేరు చెప్పారు. తీసిందెవరంటే ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పాక, “ఆడమనిషి తీసిందా అక్కా? నిజంగానా?” అన్నారు.

వాళ్ళననేం లాభం? మనం మాత్రం ఎన్నిసార్లు రాశాం?

మంజులా నాయుడు 1990లలో దూరదర్శన్‌కు ‘ఋతురాగాలు’ తీశారు. తర్వాత జెమినిలో ‘చక్రవాకం’ (2003–2008), వెంటనే ‘మొగలిరేకులు’. ఈ రెండూ వెయ్యేసి ఎపిసోడ్లు దాటినవే. పదేళ్ళు తెరిపి లేని పని. అంతమంది నటులనూ, యూనిట్‌నూ నడిపిస్తూ, కథ చెయ్యి జారకుండా లాక్కురావాలి. ఇదే పని మగవాడు చేస్తే ఎన్ని బిరుదులు తగిలించేవాళ్ళమో! పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారికి 1974 సంవత్సరపు ఫాల్కే అవార్డు వచ్చిందని మా జిల్లాలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ అది సినిమా. టీవీ అంటే ఆడవాళ్ళు కూరగాయలు తరుక్కుంటూ చూసేది గదా, ఇంటిచాకిరీ లాగే దానికీ లెక్కలేదు!

ఇంగ్లండులో 1963లో బీబీసీ ‘డాక్టర్ హూ’ మొదలైనప్పుడు దాని తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే యువతి. ఆమె పనిని 2002లో అక్కడి బాఫ్టా సత్కరించింది. మన దగ్గర సత్కారం సంగతి తర్వాత, ముందు పేరైనా గుర్తుండాలి కదా.

నేను సీరియళ్ళను వెనకేసుకు రావడం లేదు. ఆడదాన్ని ఆడదాని మీదికి ఉసిగొల్పే కథల మీద మన కోపం న్యాయమైనదే. అయితే గంపగుత్తగా “సీరియళ్ళు” అని తిట్టినప్పుడల్లా రేటింగుల కోసం కథను మలుపు తిప్పించే చానల్ యాజమాన్యం హాయిగా తప్పించుకుంటుంది. ఆ ఒత్తిళ్ళలో పనిచేసిన స్త్రీ అసలు కనిపించకుండానే పోతుంది. ఆమెతో విభేదిద్దాం, కానీ పేరు పెట్టి, ఆమె తీసినవి చూసి విభేదిద్దాం.

సంపాదకులకు నా కోరిక: వచ్చే సంచికకు ఆమె ఇంటర్వ్యూ ప్రయత్నించండి. కథ మీద ఆఖరి మాట ఎవరిది? రోజుకు ఎన్ని గంటల పని? యూనిట్‌లో ఆడవాళ్ళెంతమంది, వాళ్ళకు కూలి ఎంత? మా వర్క్‌షాపు ఆడవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా రాసిచ్చారు: ఆ పదేళ్ళూ ఆమె ఇంట్లో వంటెవరు చేశారు?