నొక్కింది ఒకసారి... పడింది మూడుసార్లు!

తిరుపతిలో కంప్యూటర్ కోర్సు చదివే విద్యార్థి ఒకరు తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం బుకింగ్‌కు నమూనా పేజీ తయారు చేస్తున్నారనుకుందాం. టికెట్ 300 రూపాయలు. ‘బుక్ చేయండి’ అన్న బటన్ మొదట బాగానే పనిచేసింది. బుకింగ్ పెట్టె మూసి, మళ్లీ తెరిచి ఒకసారి నొక్కితే లెక్క 600కు చేరింది. ఇంకోసారి తెరిస్తే 900! నిజం సైటులో ఇలా జరిగితే భక్తుడి జేబుకే చిల్లు.

తప్పు మౌస్‌ది కాదు. బటన్ నొక్కితే చేయాల్సిన పనిని జావాస్క్రిప్ట్‌లో ‘యాడ్ ఈవెంట్ లిజనర్’తో అప్పగిస్తాం. ఒకే ఫంక్షన్‌ను ఒకే బటన్‌కు రెండుసార్లు అప్పగించినా బ్రౌజర్ ఒకటిగానే లెక్కిస్తుంది. ఈ నియమం 2000 నాటి ప్రమాణాల్లోనే ఉంది. కానీ పేరులేని ఫంక్షన్ రాశారో... అక్షరం మారకపోయినా, ఆ లైను నడిచిన ప్రతిసారీ కొత్తదే పుడుతుంది. పెట్టె తెరిచే కోడ్‌లోనే ఆ లైను ఉంటే, తెరిచినప్పుడల్లా ఒకటి చేరుతుంది. పాతవి పోవు. ఒకే చీటీ ముగ్గురికిచ్చి అంగడికి పంపితే ముగ్గురూ సరుకు తేరా మరి!

‘రిమూవ్ ఈవెంట్ లిజనర్’తో తీసేద్దామన్నా, మొదట ఇచ్చిన ఫంక్షన్‌నే చూపాలి. అలాంటిదే మరొకటి రాసిస్తే ఏదీ తొలగదు, తప్పని హెచ్చరికా రాదు.

మరేం చేయాలి? ఫంక్షన్‌కు పేరు పెట్టండి. అప్పగించే లైనును పెట్టె తెరిచే కోడ్ నుంచి బయటికి తెచ్చి, పేజీ లోడయ్యేటప్పుడు ఒక్కసారే నడపండి. జీవితంలో ఒకసారే జరగాల్సిన పనైతే ‘వన్స్’ అనే ఆప్షన్ ఉంది.

బటన్‌కూ, దాని చుట్టూ ఉన్న పెట్టెకూ ఒకే పని అప్పగించినా రెండుసార్లు జరుగుతుంది. ఎందుకంటే క్లిక్ లోపలి నుంచి బయటికి పాకుతుంది. పెట్టెకు ఇచ్చిన పనిని తీసేయండి. అది కుదరకపోతే బటన్ దగ్గరే ‘స్టాప్ ప్రాపగేషన్’తో ఆపండి.

ఆత్రంగా రెండుసార్లు నొక్కేవారి సంగతి వేరు. తొలి క్లిక్‌కే బటన్‌ను పనిచేయకుండా చేయాలి. అయినా డబ్బు వ్యవహారంలో బ్రౌజర్‌నే నమ్ముకోకూడదు. ఒక ఆర్డర్ నంబరుకు ఒకేసారి చెల్లింపు తీసుకునేలా సర్వర్‌లోనూ కాపలా ఉండాలి.

మీ పేజీలో ఈ జబ్బు ఉందా? ఫంక్షన్‌లో ‘కన్సోల్ లాగ్’ పెట్టి, పెట్టెను మూడుసార్లు తెరిచి మూసి, నాలుగోసారి తెరిచి బటన్ ఒక్కసారి నొక్కండి. కన్సోల్‌లో ఒక్కసారే నమోదైతే నిశ్చింతగా ఉండండి. నాలుగుసార్లు నమోదైతే జబ్బు దొరికినట్టే!