పెళ్ళిబుట్టకి పసుపు సరే, అల్లిన చేతికి ఏం దక్కింది?

కొలకలూరులో పెళ్ళి అయినా, రేపల్లెలో అయినా మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావడం చూస్తుంటాం. ఆ బుట్టకి పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు. ఇప్పుడైతే జరీ అంచులు, పూసలు, అద్దాలు కూడా కుడుతున్నారు. ఫొటోల్లో ఎంత బాగుంటుందో! మరి ఆ బుట్ట అల్లినామెకి పందిట్లో చోటుందా?

అల్లడం తేలికేం కాదు. వెదురుని నిలువునా చీల్చి దబ్బలు తీయాలి. పచ్చటి పైతోలు దబ్బ గట్టిది, లోపలిది మెత్తన. ఏది ఎక్కడ పడాలో చేతికి తెలియాలి. రంగు అద్దిన దబ్బ ఒకటి, మామూలుది ఒకటి మార్చి మార్చి అల్లితే గళ్ళు పడతాయి. కాగితం మీద గీసుకున్న డిజైన్ ఏమీ ఉండదు, లెక్కంతా వేళ్ళలోనే. దీన్ని మనవాళ్ళే "ఏదో కూలిపని" అంటే ఇక బయటివాళ్ళని ఏమనాలి?

మన పేర్లలోనే ఆ పని ఉంది. వెదురు దబ్బలతో అల్లేవాళ్ళు దబ్బ ఎరుకల, ఈతపుల్లలతో అల్లేవాళ్ళు ఈతపుల్లల ఎరుకల. తెల్లదొరల సర్కారు మాత్రం మన పేరు పక్కన పనిని కాదు, నేరాన్ని రాసింది. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. తిరగడమే నేరమైతే ఊరూరా తిరిగి బుట్టలమ్ముకునేవాళ్ళు ఎలా బతకాలి? 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ముద్ర పోయిందా?

ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బులొచ్చాయి. వరికోత మిషన్లొచ్చాక కల్లంలో చేటకీ పని తగ్గింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. 2017లో అడవి బయట పెరిగే వెదురుని చట్టంలో "చెట్టు" లెక్క నుంచి తీసేశారు. రెండూ మంచివే. కానీ డెల్టాలో అడవి ఏదీ? సెంటు భూమి లేనోళ్ళు వెదురు ఎక్కడ పెంచుతారు? బొంగు కొనాల్సిందే. మేదరి అన్నదమ్ములదీ ఇదే కష్టం.

ఆదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఇత్తడి బొమ్మ షోకేసులో ఉంటుంది కాబట్టి కళ, చేట వంటింట్లో ఉంటుంది కాబట్టి పనిముట్టు అనే లెక్క తప్పు. రోజూ చేతిలో ఉండే వస్తువుని అందంగా చేయడం కళ కాకపోతే మరేది కళ?

మేం అడిగేది దయ కాదు. అల్లేవాళ్ళకి సరసమైన ధరకి బొంగు ఇవ్వాలి. బుట్టలల్లే ఆడవాళ్ళకి హస్తకళాకారుల గుర్తింపు కార్డులివ్వాలి. సంతలో, బస్టాండు పక్కన ఎవరూ తరమని చోటివ్వాలి.

మీరూ ఒక పని చేయండి. ఈసారి బుట్ట కొనేటప్పుడు పది రూపాయలకి బేరం ఆడేముందు ఆ అల్లిక వైపు ఒక్కసారి చూడండి. అల్లినామె పేరు అడగండి.