గురకకు దంతవైద్యుని సలహా ఎందుకు?

గురక పెట్టువానిని కుంభకర్ణుడని పిలిచి నవ్వుకొనుట మన ఇండ్లలో పరిపాటి. వేసవి రాత్రులలో డాబాల మీద పక్కలు పరచుకొని పడుకొన్న రోజులలో, పాతబస్తీ గల్లీలలో ఏ గురక ఎవరిదో ఇరుగుపొరుగువారు ఇట్టే గుర్తుపట్టేవారు. గురక గాఢనిద్రకు, నిశ్చింతకు గుర్తని పెద్దల నమ్మకం. ఈ నమ్మకం తప్పు. ఆ తప్పును నిలిపి ఉంచిన వారిలో మా వైద్యులూ ఉన్నారు, నేనూ ఉన్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట పత్తర్‌గట్టీలో బట్టల వ్యాపారం చేసే ఒక గృహస్థు భార్యతో కలిసి నా వద్దకు వచ్చినారు. వయస్సు యాభై దాటినది. స్థూలకాయం కాదు. రక్తపోటుకు రెండు మాత్రలు వాడుతున్నా అది లొంగుట లేదు. పగలు గల్లాపెట్టె ముందు కూర్చున్నచోటనే కునుకు పట్టును. నేను నాడి చూచి, కఫావరణమని నిర్ణయించి, అణుతైలంతో నస్యం, రాత్రిపూట లఘ్వాహారం విధించినాను. ముక్కు తేలికపడినది గాని గురక తగ్గలేదు. రెండవసారి వచ్చినప్పుడు ఆయన భార్య, "వైద్యులుగారూ, గురక పెట్టినంతసేపూ నాకు దిగులు లేదండీ. అది ఉన్నట్టుండి ఆగిపోతుంది చూడండి, అప్పుడే భయం. తట్టి లేపుతాను" అన్నది. ఆ మాటను నేను వినవలసినంత శ్రద్ధగా వినలేదు.

మరి ఏడాది గడచినది. దవడపంటి నొప్పికని ఆయన ఒక దంతవైద్యుని వద్దకు పోగా, ఆ వైద్యుడు నోరు తెరిపించి చూచి, "రాత్రి గురక పెడతారా? పొద్దున లేవగానే నోరు ఎండిపోయి ఉంటుందా?" అని అడిగినాడట. అరిగిన పళ్ళు, అంచులలో పంటిగాట్లు పడిన నాలుక, వెనుకకు ఉన్న చిన్న క్రిందిదవడ ఆయనకు ఆ అనుమానం కలిగించినవి. నేనూ నాలుకను చూచినాను. జిహ్వాపరీక్ష మాకు అష్టస్థాన పరీక్షలలో ఒకటి. అయితే నాలుక మీది పూతను చూచినానే గాని అంచులను గమనించలేదు.

నిద్రలో కండరములు సడలును. వెల్లకిల పడుకొన్నప్పుడు నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనుకకు వాలి శ్వాసమార్గమును ఇరుకు చేయును. ఆ ఇరుకులో గాలి దూరునప్పటి కంపనమే గురక. దారి పూర్తిగా మూసుకొన్నచో శ్వాసయే ఆగును. 10 సెకండ్లు లేక అంతకు మించి ఆగుటను ఒక అంతరాయంగా లెక్కింతురు. గంటకు ఇటువంటివి 5 లోపు ఉన్నచో పెద్దలలో సాధారణం, 30 చేరినచో తీవ్రం. ఆగిన ప్రతిసారి మెదడు ఉలికిపడి మనిషిని సగం మేల్కొలుపును. తెల్లవారి అతనికి ఏదీ జ్ఞాపకం ఉండదు. రక్తపోటు మందులకు లొంగకపోవుటకు ఇది ఒక కారణం.

ఇది మన శాస్త్రమునకు తెలియని సంగతి కాదు. సుశ్రుతుడు సూత్రస్థానంలో అతిస్థూలునికి వచ్చు బాధలు చెప్పుచు క్షుద్రశ్వాసతోబాటు 'క్రథనము'ను పేర్కొన్నాడు. ఆకస్మికంగా ఊపిరి ఆగుట అని ఆ మాటకు అర్థం. వ్యాపారి భార్య చెప్పినది అక్షరాలా అదే. గురుకులంలో ఆ అధ్యాయమును కంఠస్థం చేసిన నాకు అది వెంటనే స్ఫురించకపోయినది. ఆయన స్థూలుడు కాకపోవుటయే నన్ను ఏమార్చినదేమో. మరి దంతములకూ దీనికీ సంబంధమేమి అని అడుగువారికి శాలాక్యతంత్రమును గుర్తుచేయుదును. కన్ను, చెవి, ముక్కు, నోరు, శిరస్సు అన్నీ అందులో ఒకే వైద్యునివి. సుశ్రుతుడు లెక్కించిన 65 ముఖరోగములలో పళ్ళు, నాలుక, అంగిలి, కంఠం ఒకే వరుసలో ఉన్నవి. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియెర్ రోబాన్ 1923లో, నాలుక మొదలు వెనుకకు పడి శ్వాసకు అడ్డగుటను వర్ణించినాడు. రోగులను నిద్రలోని శ్వాసదోషములను గురించి విచారించవలెనని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లో దంతవైద్యులకు సూచించినది.

మన దేశంలో పెద్దలలో నూటికి సుమారు పదకొండుగురికి ఈ వ్యాధి ఉన్నదని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో అంచనా కట్టినారు. 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) పాటలతో తెలుగువారికి చిరపరిచితుడైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఇదే. దీనిని ఇంకను నవ్వులాటగా ఎట్లు తీసికొందుము?

దంతవైద్యుడు ఒక్కడే రోగనిర్ణయం చేయడు. రాత్రి నిద్రాపరీక్ష జరిపించి, దాని ఫలితమును నిపుణుడైన వైద్యుడు చూచిన తరువాతనే చికిత్స. గురక మాత్రమే ఉన్నవారికి, వ్యాధి ఓ మోస్తరుగా ఉన్నవారికి, క్రిందిదవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలిపే ఉపకరణమును దంతవైద్యుడు కొలత తీసి చేయించును. దవడతోబాటు నాలుక ముందుకు వచ్చి దారి తెరచుకొనును. మా వ్యాపారికి గాలియంత్రపు మాస్కు పడలేదు గాని ఈ ఉపకరణం అలవాటైనది. పళ్ళు లేనివారికి, చిగుళ్ళు వదులైనవారికి ఇది అమరదు. దవడకీలు నొప్పి పుట్టవచ్చు, ఏళ్ళ తరబడి వాడినచో పళ్ళ కలయిక మారవచ్చు. కొలత లేకుండా బజారులో కొన్నవాటిని నేను మెచ్చను. వ్యాధి తీవ్రమైనచో గాలియంత్రమే మొదటి మార్గం. పిల్లల గురకకు ముందుగా టాన్సిల్స్ చూపించవలెను.

ఇంటిచిట్కాలు వద్దని నేను అనుట లేదు. పక్కకు తిరిగి పడుకొనుట, బరువు తగ్గుట, మద్యం మానుట, దుకాణం మూసి రాత్రి పదకొండు గంటలకు బిర్యానీ తిని వెంటనే పడుకొనకుండుట మేలు చేయును. నస్యం మూసుకొన్న ముక్కును తెరుచును. వెనుకకు ఉన్న దవడను ఏ తైలమూ ముందుకు జరపజాలదు.

దంతవైద్యుని వద్దకు గురక పెట్టువారు ఒంటరిగా పోరాదు. పక్కన పడుకొనువారు వెంట ఉండి, శ్వాస ఆగుచున్నదా, ఎంతసేపు ఆగుచున్నదో చెప్పవలెను. సెల్‌ఫోనులో పది నిమిషముల గురకను రికార్డు చేసి తీసికొనిపోయినను చాలును. పాతబస్తీ వారికి నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. ఈసారి పంటినొప్పికి అక్కడికి పోయినప్పుడు గురక సంగతి కూడా చెప్పండి.