నీట మునిగిన గుళ్ల గోడు

1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బార్జి ఒరిగి, మన రాయగిరి రాతి బుద్ధుడు నీటిపాలయ్యాడు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టారు. సికింద్రాబాద్ వెళ్లినవారంతా చూస్తున్నదే.

కొత్త విగ్రహానికి అంత శ్రద్ధ చూపాం, సంతోషమే. మరి శ్రీశైలం జలాశయంలో మునిగిన పాత గుళ్ల మాటేమిటి? కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి ఆలంపురం చేర్చారు. సంగమేశ్వరానికి ఆ యోగం లేదు. నీరు తగ్గితే గుడి తేలుతుంది, జనం పూజలు చేస్తారు, వరద రాగానే మళ్లీ మునక. ఏటా నానీ ఎండీ రాయి ఎన్నాళ్లు నిలుస్తుంది?

నీరు దిగిన ఆ కొద్ది నెలల్లోనే పురావస్తు శాఖ అక్కడి రాళ్లను లెక్కగట్టి, ఫొటోలు తీయించి, కాపలా పెట్టాలి. జాలరులు, రైతులు ఒడ్డున శిల్పం కనబడితే కదపకుండా తహశీల్దారుకు కబురు చేయాలి.