గాటు చిన్నదే, గాయం లోపల

ఛాతీకీ పొట్టకూ నడుమ ఉన్న కండరపు పొరలో, అన్నవాహిక దిగే రంధ్రం వదులై, జీర్ణాశయంలో కొంత భాగం పైకి జరగడమే హయాటల్ హెర్నియా. మందులకు లొంగని గుండెమంట, పులిత్రేన్పులు ఉన్నవారికి వైద్యులు కీహోల్ శస్త్రచికిత్స సూచిస్తారు. నాలుగైదు చిన్న గాట్ల గుండా కెమెరాను, పరికరాలను పంపి, జీర్ణాశయాన్ని కిందికి దించి, రంధ్రాన్ని కుట్లతో బిగిస్తారు. జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మడిచి కుడతారు.

సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో రోగి ఇల్లు చేరతాడు. పైగాట్లను చూసి అంతా మానిందని మనం భావించరాదు. లోపలి కుట్లు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అంతవరకు మొదట ద్రవాలు, తరువాత మెత్తని జావ, కొద్దికొద్దిగా ఇవ్వాలి. బిర్యానీ, మాంసపు ముక్కలు, రొట్టె, సోడాలు వద్దు, బరువులు ఎత్తనీయరాదు. తొలి రోజుల్లో భుజం నొప్పి, మింగడంలో కొంత ఇబ్బంది సహజమే. నీళ్లు సైతం దిగకున్నా, జ్వరం, ఆగని వాంతులు, ఆయాసం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సజ్దాకు వంగలేని రోగి కూర్చొని నమాజు చేయవచ్చు. తప్పిన రంజాన్ ఉపవాసాలను కోలుకున్నాక పూర్తిచేయవచ్చు. ధర్మం ఇచ్చిన ఈ వెసులుబాటును స్వీకరించడం ఆరాధనలో లోటు కాదు. పరామర్శకు వెళ్లే మనం కూడా రోగిని తినమని బలవంతపెట్టక, దుఆ చేసి త్వరగా సెలవు తీసుకుందాం.